మాత్రకూ పాలకూ మధ్య నాలుగు గంటలు

ఫిబ్రవరి 9

ఈ రిజిస్టరు ఆసుపత్రి స్టోర్సులో అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో రాయడం కుదరదు. ఇంట్లో అక్క ఉంది. కాగితం కంటబడితే చాలు చదువుతుంది, చదివితే తప్పులు దిద్దుతుంది. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన చెయ్యి ఊరుకోదు. అందుకే ఇక్కడ, ఆహార సలహా గదిలో, మధ్యాహ్నం పేషెంట్లు పల్చబడ్డాక రాస్తాను. సొరుగుకు తాళం ఉంది.

ఇవాళ అతను వచ్చాడు.

చీటీ మీద పేరు చూసి కూడా తలెత్తలేదు నేను. ఆ పేరుగలవాళ్ళు ఊళ్ళో వందమంది ఉంటారు. కొలెస్టరాల్ ఎక్కువ ఉందనీ, మాంసం తగ్గించి సోయా అలవాటు చేయమనీ డాక్టరు రాసి పంపాడు. ఎదురు కుర్చీలో కూర్చుని, జేబులోంచి మడత కాగితం తీసి, రాసుకొచ్చిన ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాడు.

"మగవాళ్ళు సోయా పాలు తాగితే ఆడలక్షణాలు వస్తాయట, నిజమేనాండీ?"

రోజుకు నలుగురు అడిగే ప్రశ్న. నేనూ రోజూ చెప్పే జవాబే చెప్పాను. "గ్లాసో రెండు గ్లాసులో తాగితే ఏమీ రావండీ. మీసం రాలిపోదు, గొంతు సన్నబడదు."

అతను నవ్వాడు. ఆ నవ్వుకు తలెత్తాను. జుట్టు తెల్లబడింది, బుగ్గలు జారాయి. నవ్వినప్పుడు ఎడమ కన్ను సగం మూసుకుపోవడం మాత్రం అలాగే ఉంది. అతనూ నన్ను గుర్తుపట్టాడు. మిగిలిన ప్రశ్నలు అడగలేదు, కాగితం మడిచేశాడు.

తలుపు దాకా వెళ్ళి ఆగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ ఆరోగ్యం ఎలా ఉంటోంది? ఆ మూర్ఛలు తగ్గాయా?"

"ఏ మూర్ఛలు?" అన్నాను.

ఫిబ్రవరి 10

నాకు జన్మలో మూర్ఛ రాలేదు.

ఫిబ్రవరి 16

ఉత్తరం ఉందన్నాడు ఆ రోజే. తన తల్లి పెట్టెలో వెతికి తెస్తానన్నాడు. ఇవాళ తెచ్చి బల్ల మీద పెట్టి చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"మా అమ్మ మాట కాదనలేకపోయాను. ఒకసారి వచ్చి మిమ్మల్నే అడగాల్సింది. అడగలేదు," అన్నాడు.

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. వచ్చే కోపమంతా ఆ కాగితం మీదికే పోయింది.

ఆకాశరామన్న ఉత్తరం. ఎడమచేత్తో రాసినట్టు వంకర అక్షరాలు. ఛ, భ లాంటి చోట్ల ఒత్తులు లేవు. చదువు రానివాడెవడో రాశాడనుకోవాలని. "ఆ పిల్లకి మూర్చరోగం ఉంది. నురగ కక్కి పడిపోతుంది. బార్యగా పనికిరాదు. ఆరోగ్యం సంగతి దాచి మీ నెత్తిన రుద్దుతున్నారు. మీ మంచి కోరేవాడు."

పెళ్ళికి తొమ్మిది రోజుల ముందు అతని వాళ్ళు నన్ను వద్దన్నారు. కారణం చెప్పలేదు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు. ఆ తర్వాత ఇంకో ఇరవై ఆరేళ్ళు గడిచాయి. నాలో ఏం లోపం కనబడిందో అని అద్దం ముందు నిలబడి వెతుక్కున్న రోజులున్నాయి. నవ్వు బాగుండదేమో, మాట పెళుసేమో. చివరికి నా మొహమే అంత అనుకుని ఊరుకున్నాను.

"ఆరోగ్యం" అనే మాట దగ్గర "రో" తప్పిపోయింది. తప్పిపోయిన అక్షరం పైన రాసి, కింద ఒక గుర్తు వేసి ఉంది. విచ్చుకున్న గొడుగులాంటి గుర్తు, కింద చిన్న కొక్కెం పిడితో సహా.

ఆ గొడుగు నాకు తెలుసు. బడిలో పిల్లలందరికీ తెలుసు. "తప్పు తడిసిపోకుండా గొడుగు పట్టాలర్రా" అనేది. అక్కను గొడుగు టీచరనే పిలిచేవాళ్ళు. వంకర అక్షరాలు రాసింది, ఒత్తులు కావాలనే ఎగ్గొట్టింది. నిజంగా జారిన ఒక్క తప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆగలేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళేసరికి అక్క బట్టలు మడతపెడుతోంది. నా జాకెట్టు బొత్తాం ఊడితే కుట్టి పెట్టింది.

"ఏమే చిట్టీ, మొహం అలా ఉందేం?"

"ఎండ," అన్నాను.

ఫిబ్రవరి 17

అమ్మ మంచాన పడి ఉన్న ఏడేళ్ళూ, పొద్దున పూటలు తనవి, సాయంత్రాలు నావి. పెళ్ళి తప్పిపోయిన వారం నా తల నిమిరి "పోనీలేవే, మంచే జరిగిందనుకో" అంది. ఆ చేత్తోనే.

అడిగేస్తే? అడిగితే ఏడుస్తుంది. ఏడిస్తే నేనే ఓదార్చాలి. ఆ సుఖం కూడా తనకే. వద్దు.

ఫిబ్రవరి 20

తొమ్మిదేళ్ళ కిందట అక్కకు థైరాయిడ్ గ్రంథి తీసేశారు. అప్పటినుంచి ఆ పని చేసేది మాత్రే. పొద్దున ఆరింటికి, ఉత్త నీళ్ళతో, పరగడుపున. గంట దాకా ఇంకేమీ ముట్టకూడదు.

మామూలు పాలు తనకు పడవు, కడుపు ఉబ్బుతుంది. ఎముకలు గుల్లబారుతున్నాయి, ప్రోటీనూ కాల్షియమూ ఏదో ఒక రూపంలో లోపలికి వెళ్ళాలని డాక్టరు నిరుడే అన్నాడు. ఇవాళ కాల్షియం కలిపిన సోయా పాలు తెచ్చాను. గోరువెచ్చగా చేసి, మాత్రతో పాటు చేతికిచ్చాను.

"ఉత్త నీళ్ళతో కదే వేసుకోవాల్సింది?"

"అవన్నీ పాత పద్ధతులక్కా. ఇప్పుడు ఇలాగే."

"నీకు తెలిసినంత నాకేం తెలుసు," అని గ్లాసు ఖాళీ చేసింది.

డాక్టరు చెప్పిందే చేశాను. ఎముకలకు మంచిది. పాలే కదా.

మార్చి 4

పన్నెండు రోజులు దాటింది. ఏమీ లేదు. పరుపులు ఎండలో వేసింది, కిటికీలు తుడిచింది. ఒంట్లో పాత నిల్వ ఉంటుంది, వారాల మీద గానీ తగ్గదు. నాకు తొందరేం లేదు. తనకు మాత్రం అప్పుడు తొందరుందా? నింపాదిగా కూర్చుని ఎడమచేత్తో రాసింది.

మార్చి 11

సూపరింటెండెంటు పిలిచాడు. సోయా గురించి అందరూ అడిగినవే అడుగుతున్నారు, ప్రశ్నలూ జవాబులూ ఒక కాగితం మీద వేసి వరండాలో అంటించమన్నాడు. "మీకంటే బాగా ఎవరు రాస్తారండీ" అన్నాడు. నిజమే.

ఒకటి. సోయా పాలు మామూలు పాలకు బదులవుతాయా? ప్రోటీన్ దాదాపు అంతే ఉంటుంది. కాల్షియం కలిపిన రకమైతేనే బదులు. తాగే ముందు డబ్బా బాగా ఊపండి, కలిపింది అడుగున పేరుకుంటుంది. చక్కెర కలపని రకం తీసుకోండి.

రెండు. మగవాళ్ళ సంగతి. మీసం మాట రాయలేదు.

మూడు. రొమ్ము క్యాన్సర్ వస్తుందా? మామూలుగా తినే మోతాదులో వస్తుందనడానికి ఆధారం లేదు. మందులు వాడుతున్నవాళ్ళు బిళ్ళల రూపంలో అమ్మే సోయా సారం జోలికి పోకుండా ముందు డాక్టర్ని అడగండి.

నాలుగు. పసిపిల్లలకు పట్టొచ్చా? ఏడాది లోపు పిల్లలకు డబ్బా సోయా పాలు పట్టకండి. వాళ్ళకోసం తయారుచేసే పాలపొడి వేరు, అది డాక్టరు చెబితేనే.

అయిదు, అలర్జీ. ఆరు, టోఫు, సోయా ముక్కలు, ఉడికించిన గింజలు వారానికి ఎన్నిసార్లు.

ఏడోది థైరాయిడ్. రేపు రాస్తాను.

మార్చి 15

ఏడోది ఇంకా రాయలేదు.

మార్చి 21

అక్క చెయ్యి చల్లగా తగిలింది.

మార్చి 30

అతను మళ్ళీ వచ్చాడు. కొలెస్టరాల్ కాస్త దిగింది. మొహం వెలిగిపోతోంది.

"మా ఆవిడ టోఫు వేయిస్తే రబ్బరులా సాగుతోందండీ. ఎక్కడ తప్పు జరుగుతోందంటారు?"

నీళ్ళు పిండకుండా వేస్తున్నారన్నాను. శుభ్రమైన గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి, అరగంట ఉంచమన్నాను. అతను శ్రద్ధగా రాసుకున్నాడు. వాళ్ళావిడ కోసం. ఇద్దరు పిల్లలట. పెద్దమ్మాయి పైలట్ చదువుతోందట.

"ఆ ఉత్తరం ఎవరు రాశారో తెలిసిందా?" అని అడిగాడు.

"లేదు," అన్నాను. అక్క పేరు అతనికి ఇవ్వను. ఈ లెక్క నాదీ తనదీ.

పిల్లల ఫొటో చూపించాడు. ఆ అమ్మాయికి నవ్వితే ఎడమ కన్ను సగం మూసుకుంటుంది. మధ్యాహ్నం ఇంటికి పోయి, రేపటి పాల కోసం గ్లాసు కడిగి బోర్లించాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ కడగలేదు.

ఏప్రిల్ 3

ఏడోది రాసేశాను. "థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు సోయా మానేయనక్కర్లేదు. మాత్ర ఉత్త నీళ్ళతో వేసుకోండి. మాత్రకూ సోయా పాలకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి. లేకపోతే మందు ఒంటికి పట్టదు." కింద నా పేరు, హోదా. పెద్ద అక్షరాలతో అచ్చువేయించి వరండాలో ఎనిమిదో నంబరు గది పక్కన అంటించారు.

పొద్దున ఆరింటికి మామూలే. గ్లాసు నిండా.

ఏప్రిల్ 14

రక్తపరీక్ష. మందు పట్టకపోతే పెరిగే టీఎస్‌హెచ్, నాలుగు దాటకూడనిది, పందొమ్మిది ఉంది.

"మాత్ర మానేశారా అమ్మా?" అని అడిగాడు థైరాయిడ్ డాక్టరు. నెమ్మదస్తుడు, తొమ్మిదేళ్ళుగా అక్కను చూస్తున్నాడు.

"ఒక్క రోజు కూడా మానలేదండీ. నా చేత్తో నేనే ఇస్తున్నాను," అన్నాను. అబద్ధం కాదు.

వంద మైక్రోగ్రాముల మాత్ర నూట పాతిక చేశాడు. అక్క "మా చిట్టి ఉండబట్టి ఇలా ఉన్నాను డాక్టరుగారూ" అంది. 

మే 6

ఎండ పేలిపోతోంది, అక్క స్వెట్టరు వేసుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. కళ్ళ కింద ఉబ్బు. జడలోంచి వెంట్రుకలు ఊడి దువ్వెన నిండిపోతోంది. మెట్లు ఎక్కాలంటే రెండుసార్లు ఆగుతోంది. కేసు షీటు రాసినట్టు రాస్తున్నాను. రాస్తుంటే బాగుంది. ఎవరికీ చెప్పుకోలేనిది, బాగుంది.

మే 13

పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయింది. మాడు వాసన పక్కింటిదాకా పోయింది. "నేను పెట్టానా?" అంటుంది. పిల్లలకు ఎక్కాలు తలకిందులుగా అప్పజెప్పించిన మనిషి.

పాలే కదా.

మే 19

పాత విద్యార్థిని ఒకామె చూడ్డానికి వచ్చింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని "బాగున్నావా అమ్మా" అని మూడుసార్లు అడిగింది. పేరు గుర్తురాలేదు. ఆమె వెళ్తూ గుమ్మంలో కళ్ళొత్తుకుంది. నేను ఒత్తుకోలేదు.

మే 28

రక్తపరీక్షలో పదిహేడు. మోతాదు పెంచినా దిగనే లేదు. డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఇంకేమైనా వేసుకుంటున్నారా? కాల్షియం బిళ్ళలు, ఐరన్? మాత్రతో పాటు ఏదైనా తాగుతున్నారా?"

"లేదండీ," అన్నాను.

ఇది మొదటిది. డాక్టరు దగ్గర ఇంతవరకు అబద్ధమాడలేదు.

నూట యాభై రాశాడు.

జూన్ 11

ఇవాళ అడిగాను. ఇంకెంత కాలం? నోటితో ఒప్పుకోవాలి, నా మొహం చూసి ఒప్పుకోవాలి. లేకపోతే ఇదంతా ఎందుకు? సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను, ఇది రాయడానికే సాయంత్రం గదికి వచ్చాను. మధ్యాహ్నం తిన్నాక ఉత్తరం తెచ్చి అక్క ముందు పరిచాను.

"ఇదేంటో తెలుసా?"

అక్క కళ్ళజోడు వెతుక్కుంది. కళ్ళకే ఉంది. నెమ్మదిగా, వేలితో ఒక్కో మాటా తడుముతూ చదివింది.

"ఎవరు రాశారే ఇది?"

"నువ్వే చెప్పు."

"ఎన్ని తప్పులో చూడు. ఒత్తులే రావు వీడికి."

బల్ల మీద పెన్ను ఉంది. తీసుకుంది. "మూర్చ" కింద గీత గీసింది. "మూర్ఛ" అని పైన రాసింది. "బార్య" దగ్గరికి వచ్చింది. "భ" రాసి కింద గొడుగు వేసింది. కొక్కెం పిడి కూడా వేసింది. పాత గొడుగూ కొత్త గొడుగూ ఒకే కాగితం మీద, రెండు వరసల ఎడంలో. ఏ తేడా లేదు.

అంతా దిద్ది కాగితం నా చేతికిచ్చింది. "ఎవరి పిల్లాడో గానీ, కాస్త కూర్చోబెట్టి నేర్పిస్తే వస్తుంది. రమ్మను," అంది.

ఎవర్ని అడిగాను నేను? నా పెళ్ళి చెడగొట్టిన మనిషి ఆ కుర్చీలో లేదు. ఆవిణ్ణి నేనే రోజుకో గ్లాసు చొప్పున ఖాళీ చేసేశాను. ఇప్పుడు ఎవరు ఒప్పుకుంటారు నాకు?

జూన్ 12

పొద్దున ఆరింటికి మాత్ర, ఉత్త నీళ్ళు. పాలు సాయంత్రం అయిదింటికి.

జాలిపడి కాదు. తెలివిలో ఉన్న మనిషి కావాలి నాకు.

జూన్ 24

స్వెట్టరు విప్పేసింది.

జూలై 2

గొంతు తేరుకుంది. పొద్దున వార్తాపత్రికలో తప్పులు పట్టి చదివి వినిపించింది. నా చేతిలోంచి మాత్రల పెట్టె లాక్కుంది. "ఇన్నాళ్ళూ మత్తులో ఉన్నదాన్లా పడి ఉన్నాను. ఇక నా మాత్ర నేనే వేసుకుంటా" అంది. చురుగ్గా ఒక చూపు చూసింది. పాత చూపే. కాసేపు భయం వేసింది, కాసేపు సంతోషం వేసింది. ఇంకో వారం ఆగి అడుగుతాను.

జూలై 9

అక్క గ్లాసు ఎత్తితే నీళ్ళు ఒలుకుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కుతోంది. బరువు తగ్గింది. నాడి పట్టుకుని చూశాను. నూట పది.

బుర్ర ఉన్నదాన్నేనా నేను? డాక్టరు నూట యాభై రాసింది నా పాలను చూసి. పాలు పక్కకు తీశాను, నూట యాభై అలాగే ఉంది. తనకు కావలసింది వందే. మిగతా యాభై గుండె మీద పడుతోంది.

జూలై 10

"అక్కా, పాత మాత్రలు మిగిలాయి, వందవి. కొన్నాళ్ళు అవి వేసుకో."

"డాక్టరు ఏం రాశాడు?"

"నూట యాభై. కానీ ..."

"నువ్వు డాక్టరువా?"

 ఆవిడ డాక్టరు రాసింది రాసినట్టు చేసే మనిషి. ఆపాలంటే డాక్టరే ఆపాలి. డాక్టరు ఆపాలంటే ఎందుకో నేను చెప్పాలి. చెబితే ఎనిమిదో నంబరు గది పక్కన నా పేరుతో ఉన్న కాగితం చదువుతాడు.

జూలై 12

చెప్పలేదు. ఆయన సెలవులో ఉన్నాడు.

జూలై 15

సెలవు నిన్నటితో అయిపోయింది. రద్దీగా ఉంది. చెప్పలేదు.

జూలై 17

నాడి నూట ఇరవై నాలుగు. రేపు చెబుతాను.

జూలై 18

చెప్పలేదు.

జూలై 20

నిన్న పొద్దున పదిన్నరకు ఇంటి నుంచి ఫోను. అక్క గొంతు కాదు, పక్కింటావిడది. కూరగాయలు తరుగుతూ గుండె పట్టుకుని కూలబడిందట. నేను అంబులెన్సులో వెళ్ళాను. చాకు ఇంకా తన చేతిలోనే ఉంది, వేళ్ళు విప్పి తీశాను. దారంతా నాడి పట్టుకునే కూర్చున్నాను. పరుగులా కాదు, మెట్ల మీద ఎవరో తడబడుతూ దిగుతున్నట్టుగా ఉంది.

చచ్చిపోతే? తను ఒప్పుకోకుండా, నేను అడగకుండా?

ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు. థైరాయిడ్ డాక్టరు వచ్చి రిపోర్టు చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"మే నెలలో మందు అసలు అందట్లేదు. ఇప్పుడేమో ఒంట్లో పొంగిపోతోంది. నూట యాభై చేశాక మళ్ళీ నేను మోతాదు మార్చలేదు. మధ్యలో ఏం మారింది? మీరు ఆహార సలహా చూస్తారు కదా, మీకు తెలియాలి."

నేను నోరు తెరిచాను. తెరిచానని రాసుకోవాలి. ఆ మాత్రం నిజం.

మంచం మీంచి అక్క అంది, "డాక్టరుగారూ, తప్పు నాది. మాత్రతో పాటు సోయా పాలు తాగేదాన్ని. చిట్టి వద్దంటుందని దానికి తెలియకుండా తాగేదాన్ని. జూన్‌లో మీ వరండాలో కాగితం చదివి మానేశాను."

డాక్టరు తల పట్టుకున్నాడు. తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ముందే చెప్పొద్దూ అమ్మా? టీచరై ఉండి," అన్నాడు. మాత్ర ఆపించాడు. గుండె నెమ్మదించే మందు ఎక్కించారు. కొన్నాళ్ళాగి మళ్ళీ వందతో మొదలుపెడదామన్నాడు. నా భుజం తట్టాడు. నన్ను ఓదార్చాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. నిన్నటి నుంచీ ఒళ్ళు మండిపోతోంది. ఇది కూడా లాక్కుంది. నా పెళ్ళి లాక్కుంది, ఇప్పుడు నా తప్పు కూడా లాక్కుని తన నెత్తిన పెట్టుకుని, మంచి మనిషై పడుకుంది.

జూలై 22

వార్డులో తెర లాగి, స్టూలు వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం సందర్శకుల వేళ. పక్క మంచం ఖాళీ.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

"జూన్ చివర్లో. బుర్ర తేటపడ్డాక నీ అల్మారాలో ఆ ఉత్తరం చూశాను. నేను దిద్దినట్టు గుర్తులేదు, గొడుగులు మాత్రం నావే. తర్వాత కళ్ళ డాక్టరు కోసం వచ్చినప్పుడు వరండాలో నీ కాగితం చదివాను. ఏడో ప్రశ్న." కాస్త ఆగింది. "ఆరో ప్రశ్నలో ఒక దీర్ఘం పడలేదు. పెన్సిలుతో పెట్టొచ్చాను."

"తెలిసీ ఎందుకు అడగలేదు?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

 ఆవిడే మాట్లాడింది. పైకప్పు వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు, గొంతు ఎక్కడా వణకకుండా.

"మొగుడితో పడక వచ్చేశాను. అమ్మ మంచం మీద. నువ్వు బట్టలు కుట్టించుకుంటూ పాటలు పాడుకుంటున్నావు. నువ్వెళ్ళిపోతే ఆ ఇంట్లో అమ్మ మూలుగూ నేనూ. ఊపిరాడలేదు నాకు. బడి నుంచి వస్తూ తపాలా పెట్టెలో వేశాను. ఇంటికొచ్చేసరికి నాకు టీ పెట్టి ఉంచావు నువ్వు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"చెబితే వెళ్ళిపోయేదానివి."

అంతే. క్షమించమనలేదు. ఏడవలేదు. ఏడుస్తుందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను, ఏడవనందుకు ఇప్పుడు చెయ్యెత్తాలనిపించింది.

"మరి డాక్టరు దగ్గర అబద్ధమెందుకు ఆడావు?"

"నాకేం కొత్తా? ఒకటి నీ మీద ఆడాను. ఒకటి నీ కోసం ఆడాను. చెల్లుకి చెల్లు అని అనుకోవట్లేదులే," అంది. "ఉద్యోగం పోతుంది నీకు. అదొక్కటే ఉంది."

అదొక్కటే ఉండేట్టు చేసిందెవరు అని అడిగాను. నర్సు తెర తీసింది. వేళయిపోయింది.

జూలై 23

పొద్దున థైరాయిడ్ డాక్టరు గదికి వెళ్ళి తలుపు వేశాను. అంతా చెప్పాను. ఫిబ్రవరి ఇరవై నుంచి జూన్ పదకొండు దాకా. నూట పన్నెండు గ్లాసులు. మే నెలలో ఆయన అడిగినప్పుడు లేదన్నది కూడా.

ఆయన పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టాడు.

"మీరు చెప్పకపోయినా ఆమెకు వైద్యం మారేది కాదు. ఎందుకు చెబుతున్నారు?"

"ఆమె మీకు అబద్ధం చెప్పింది. కేసు షీటులో నిజం ఉండాలి."

"నేను పైవాళ్ళకు రాయాల్సి వస్తుందమ్మా."

"రాయండి."

ఆయన తల దించుకునే అన్నాడు, "ఆ కాగితం చాలా బాగా రాశారు. దాన్ని చూపించే నేను పేషెంట్లకు చెబుతుంటాను."

ఆ ఒక్క మాటకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

జూలై 25

విచారణ అయ్యేదాకా గదిలో కూర్చోవద్దన్నారు. సొరుగు ఖాళీ చేశాను. తూకం మిషను, కొలత గ్లాసులు, రిజిస్టరు. వరండా కాగితం కింద నా పేరు మీద తెల్ల కాగితం ముక్క అంటించారు. జవాబులు అలాగే ఉంచారు. ఒక పెద్దాయన దాని ముందు నిలబడి, వేలు పెట్టి, ఏడోది పైకి చదువుకుంటున్నాడు.

ఆగస్టు 2

అక్కను ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. నాడి ఎనభై నాలుగు. వంద మాత్ర మళ్ళీ మొదలైంది. మాత్రల పెట్టె తన తలగడ పక్కనే పెట్టుకుంది. అలారం మోగాక లేచి, తన గ్లాసు తనే కడుక్కుని, తనే నీళ్ళు పోసుకుంటుంది. నేను ఆ గదిలోకి వెళ్ళను. పాలు ఎవరికి వాళ్ళం పోసుకుంటున్నాం. ఈ రిజిస్టరు భోజనాల బల్ల మీదే పెట్టి రాస్తున్నాను. ఇంకెక్కడ రాస్తాను.

ఇవాళ పోస్టులో విచారణ తేదీ వచ్చింది. కవరు విప్పింది తను. ఆసుపత్రి ముద్ర చూసి నిలబడిపోయింది. తన అబద్ధం సరిపోయిందనీ, నేను ఊరికే సెలవు పెట్టాననీ అనుకుంటోంది అప్పటిదాకా.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

మొహం ఎర్రబడింది. ఇంతవరకు కోప్పడని మనిషి, దొరికిపోయినప్పుడు కూడా గొంతు పెంచని మనిషి, బల్ల మీద కవరు విసిరికొట్టింది. "ఎందుకు చెప్పావే? నేను సర్దేశాను కదా. నువ్వు నోరు మూసుకుంటే చాలు కదా."

"ఒకసారి నీ అబద్ధం మీద ఇరవై ఆరేళ్ళు బతికాను. రెండోసారి నా వల్ల కాదు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, వేళ్ళు కళ్ళజోడు కిందికి పోనిచ్చి కళ్ళు ఒత్తుకుంది. నేను నీళ్ళు ఇవ్వలేదు.  

"నన్ను ఎక్కడికైనా పంపించేస్తావా?" అంది.

"లేదు."

"ఎందుకని?"

"నాకింకా కోపం పోలేదు."

అక్క తల ఊపింది. కవరు తీసుకుని, నలిగిన చోట అరచేత్తో సాపు చేసి, నా వైపు జరిపింది.

"సరే అయితే. పోయేదాకా ఉంటాలే," అంది.

ఏది పోయేదాకా అని నేను అడగలేదు.